ఓబులేసు పిలుపు

మా తాతకు తాత పాలపళ్ళు కూడా రాని కాలం సంగతిది. నడుమ అడ్డొస్తే చెప్పను, ముందే చెప్తున్నా.

ఆ మిట్టమీద రాక్షసగుళ్ళు ఉన్నాయే, చుట్టూ బండలు నిలబెట్టి పైన ఒక బండ కప్పినవి, వాటి దగ్గరికి పోవాలంటే ఊరంతటికీ హడలు. ఎప్పటివాళ్ళనో పూడ్చిన చోటు మరి. రాళ్ళు కొట్టే ఓబులేసుకు మాత్రం భయం లేదు. మేకలు కాసే కూతురు సుంకులుకు ఆయనే చెప్పాడు.

"వానొస్తే లోపల దూరు తల్లీ. అంతకన్నా గట్టి ఇల్లు మనకెక్కడిది?"

ఒక ఏడు వాన పట్టుకుంది. ఒకరోజు కురిసింది, రెండోరోజు కురిసింది, మూడోరోజూ కురిసింది. చెరువుకట్ట తెగేటట్టుంది.

"ఓబులేసూ, బండలు కావాల! ఊరు కొట్టుకుపోతుంది!" అని ఊరిపెద్ద అరిచాడు.

ఓబులేసు నలుగురిని వెంటేసుకుని మిట్టెక్కాడు. మొదటి గుడి కప్పు ఎత్తారు, కట్టకు చేర్చారు. రెండో గుడి కప్పు ఎత్తారు, కట్టకు చేర్చారు. మూడోదాని కింద గునపాలు పెట్టారు. ఒకటే తొందర. లోపలికి తొంగిచూసినవాడు లేడు. తడిసిన బండ జారి లోపలికి కూలింది.

గుడి వెనకనుంచి మేకలు అరిచాయి. అవి తన మేకలే. ఓబులేసు పరుగున పోయి బండకు భుజం పెట్టాడు. బండ పక్కకు తీసేసరికి పిల్లలో ప్రాణం లేదు. అయ్యో, ఆ తండ్రి కష్టం పగవాడికి కూడా వద్దు!

పెళ్ళాం తిమ్మక్క ఒక్కటే అడిగింది. "ఒక్కసారి పిలిస్తే ఏం పోయేదయ్యా?"

కట్ట నిలిచింది. ఊరు బతికింది. ఓబులేసు మళ్ళీ సుత్తి పట్టలేదు. రోజూ మిట్టెక్కి, ఒక్కో గుడి ముందు వంగి, "సుంకులూ, బయటికి రామ్మా" అని మూడుసార్లు పిలిచేవాడు. పిచ్చోడన్నారు. ఆయన తెచ్చిన బండలతో బతికినోళ్ళే అన్నారు, సిగ్గులేని నోళ్ళు!

తర్వాత గోడలకని, గట్లకని జనం బళ్ళు కట్టుకుని రాళ్ళకోసం వచ్చారు.

"పిలిచి ఎత్తుకోండి. నేను అడ్డురాను," అనేవాడు ఓబులేసు.

పిలిచారు. బదులు రాదని తెలుసు. తెలిసీ కాసేపు ఆగి విన్నారు. ఆ తర్వాత గునపం వేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఉత్తబళ్ళు తోలుకుపోయారు. అందుకే ఆ గుళ్ళు ఇంకా ఉన్నాయి.

ఓబులేసూ పోయాడు. ఇప్పుడు పట్నంవాళ్ళు బస్సుల్లో చూడ్డానికొస్తారు, ఫోటోలకని లోపలికి దూరబోతారు. మేం చెయ్యి పట్టి ఆపుతాం. "ముందు పిలువు నాయనా," అంటాం. నవ్వుకుంటూనే మొదలుపెడతారు. ఆడపిల్లల తండ్రులు మాత్రం కథ విన్నాక మూడోసారి పిలవలేరు. వాళ్ళ బదులు మేమే పిలుస్తాం.