తాబేలు నడిచే రాళ్ళ బాట

అనగనగా ఒక అడవి. ఆ ఏడు కార్చిచ్చు వచ్చి అందులో సగం బూడిదైపోయింది. ఇది నవ్వించే కథ కాదు పిల్లలూ, ముందే చెబుతున్నాను.

కాలకుండా మిగిలిన చోట నేలమీద ఒక రాళ్ళ బాట ఉండేది. చుట్లు చుట్లుగా తిరిగి తిరిగి మధ్యకి చేరే బాట అది. ఎప్పుడో ఒక ముసలి ఎలుగుబంటి పేర్చి కన్నుమూసిందట. బాధలో ఉన్న జంతువేదైనా దానివెంట మాట్లాడకుండా మధ్యదాకా నడవాలి. కాసేపు కూర్చోవాలి. మళ్ళీ అదే దారిన బయటికి రావాలి. బాట అంచున పేర్చిన రాళ్ళు దాటకూడదు. అదీ అక్కడి ఆచారం.

ఒక ముసలి తాబేలు రోజూ ఆ బాటలో నడిచేది. ఇసుకలో అది పెట్టుకున్న గుడ్లన్నీ మంటల్లో పోయాయి.

ఒకరోజు అక్కడికి ఒక జింక వచ్చింది. దాని ఒక్కగానొక్క పిల్ల పొగలో తప్పిపోయి మళ్ళీ కనబడలేదు.

"అవ్వా, మధ్యలో ఏముంది?" అని అడిగింది జింక.

"నడిచి చూడమ్మా. తొందరపడకు," అంది తాబేలు.

తొందరపడకు అంటే జింక వింటుందా? తన బిడ్డ అక్కడ ఉంటుందేమోనన్న ఆశతో ఒక్క గెంతులో రాళ్ళన్నీ దాటి మధ్యలో వాలింది. అక్కడ ఒట్టి మట్టి. మర్నాడు మళ్ళీ గెంతింది. ఒట్టి మట్టే. మూడోనాడూ అంతే. దానికి దుఃఖం పొంగుకొచ్చింది.

"నా బిడ్డ ఇక్కడ లేదు. ఇదంతా అబద్ధం," అంటూ గిట్టలతో రాళ్ళన్నీ చెల్లాచెదురు చేసింది.

అప్పటికి తాబేలు సగం దారిలో ఉంది. ముందు బాట లేదు, వెనక బాట లేదు. ఎటు కదలాలో తెలియక అక్కడే ఆగిపోయింది.

"మధ్యలో ఏమీ లేదని నాకు తెలుసమ్మా," అంది తాబేలు. "ఒక్కో మలుపు దగ్గర ఒక్కో గుడ్డును తలుచుకుంటూ నడిచేదాన్ని. నాకు మిగిలింది అదొక్కటే."

"ముందే చెప్పలేదేం అవ్వా?"

"నడుస్తావనుకున్నాను."

జింక సిగ్గుతో కుంగిపోయింది. మూతితో రాళ్ళు నెట్టుకుంటూ పేర్చబోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఏ చుట్టు ఎటు తిరిగేదో దానికి తెలియదు. ఒక్కసారైనా నడిచి ఉంటే కదా.

"ఈ రాయి ఎక్కడిదో చెప్పవ్వా," అని బతిమాలింది.

తాబేలు తలా కాళ్ళూ డిప్పలోకి లాక్కుంది.

ఇంకేం చేయాలో తోచక జింక దాని చుట్టూ మెల్లగా నడవసాగింది. నడుస్తుంటే తన పిల్ల తప్పటడుగులు గుర్తుకొచ్చాయి. దాని చెవి కొసన ఉండే తెల్లమచ్చ గుర్తుకొచ్చింది. ఏడుస్తూనే నడిచింది. రోజూ నడిచి నడిచి అక్కడ గడ్డి అరిగి ఒక చుట్టు పడింది.

"అవ్వా, నేను నడుస్తున్నాను. ఒక్కసారి చూడవ్వా," అనేది జింక.

తాబేలు తల బయటపెట్టలేదు.

నీతి: మన దుఃఖానికి దారి దొరకలేదని, పక్కవాళ్ళు తమ దుఃఖంతో నడిచే దారిని చెరిపేయకూడదు.