పెట్టెలో మిగిలిన వైరు ముక్క

అనగనగా పనసవాడ అని ఒక రాజ్యం. ఆ రాజ్యంలో రాజుగారూ ఉన్నారు, కరెంటూ ఉంది. రెండూ ఒకే కాలంలో ఎలా ఉన్నాయని మాత్రం నన్ను అడక్కండి. అడగడం మంచి అలవాటే, ఈ కథంతా దాని గురించే. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం నన్ను వదిలెయ్యండి.

పనసవాడలో వీణలు చేసేవాళ్ల వీధి ఒకటి ఉండేది. ఆ వీధివాళ్లు ఒకే పనస దుంగను తొలిచి, ఎక్కడా అతుకు లేకుండా వీణ చేసేవారు. తొలిచే పని మగవాళ్లది. వీణ మెట్లు కదలకుండా నిలబెట్టడానికి మైనం కావాలి కదా, ఆ మైనం కాచి ఇచ్చే పని నూకాలుది. ఇరవై ఏళ్లుగా ఆమె మైనం కాస్తూనే ఉంది. ఒక్కసారి ఉలి ఇలా ఇవ్వండి అంటే ఇచ్చినవాళ్లు లేరు.

రాజుగారి తల్లి, రాజమాత, గొప్పగా పాడేది. కాగితం మీదకు ఎక్కని పాటలు ఆమె గొంతులో వందల కొద్దీ ఉండేవి. ఒకసారి నూకాలు కోటకు మైనం తీసుకెళితే, రాజమాత ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఉయ్యాల పాట నేర్పడం మొదలుపెట్టింది. పల్లవి వచ్చింది, మొదటి చరణం వచ్చింది. పొద్దుపోయింది, రెండో చరణం రేపు నేర్పుతాను రమ్మంది. ఆ మర్నాడే రాజమాతకు విషజ్వరం తగిలింది. జ్వరం పోతూ పోతూ ఆమె వినికిడిని పట్టుకుపోయింది.

చెవి దగ్గర వీణ పెట్టి వాయించినా ఆమెకు అందడం లేదు. శ్రుతి వినబడకుండా పాడితే అది పాట కాదని ఆమె పాడటమే మానేసింది. ఇలా రెండేళ్లు గడిచాయి. పాటలన్నీ ఆమెతోనే పోతాయేమోనని రాజుగారికి దిగులు. నూకాలుకు అన్ని పాటల దిగులు లేదు. ఆ ఒక్క చరణం కోసమే ఆమె ప్రాణం కొట్టుకునేది. సగం పాట నోట్లో పెట్టుకుని తిరగడం ఎంత కష్టమో తిరిగినవాళ్లకే తెలుస్తుంది.

అలాంటి రోజుల్లో మీరాసాహెబు అనే వర్తకుడు ఓడ దిగి, మూడు పెట్టెలతో రాజుగారి దగ్గరకు వచ్చాడు. ఒక్కో పెట్టెలో ఒక ఎలక్ట్రిక్ గిటార్ ఉందనీ, అయితే విడివిడి ముక్కలుగా ఉందనీ, ఇంట్లో కూర్చుని ఎవరికి వాళ్లు కూర్చుకోవాలనీ చెప్పాడు. దాని పాట స్పీకరు పెట్టెలోంచి వస్తుంది, మరను తిప్పితే ఎంత కావాలంటే అంత పెరుగుతుంది. ఆ మాట వినగానే రాజుగారు సింహాసనం మీద ముందుకు జరిగి కూర్చున్నారు.

వర్తకుడు నిజాయితీపరుడు. తాను అమ్మేవాడినే గాని చేసేవాడిని కాననీ, చేసేవాళ్ల దగ్గర చూసి తెలుసుకున్నది చెప్పగలననీ అన్నాడు. మూడు రోజులు సత్రంలోనే ఉంటాను, అడగదలచినవాళ్లు వచ్చి అడగండి అన్నాడు. నాలుగో రోజున మూడు వాద్యాలూ సభకు రావాలని రాజుగారు చాటింపు వేయించారు.

చాటింపు విని వీణల వీధివాళ్లు కోటకు వచ్చారు. వాళ్లలో అందరికంటే పెద్దవాడు కనకాచారి ఒక పెట్టె తీసుకున్నాడు. అందరికంటే చెయ్యి చురుకైన లింగాచారి ఇంకొకటి తీసుకున్నాడు. మూడోదాన్ని ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు నూకాలు లేచి నిలబడింది.

"నీకు వీణ చెయ్యడం వచ్చా?" అని రాజుగారు అడిగారు.

"రాదు మారాజా. కానీ ఇది వీణ కాదు కదా" అంది నూకాలు.

రాజుగారికి ఆ మాట నచ్చింది. పెట్టె ఆమె చేతికి వచ్చింది.

కనకాచారి ఇంటికి పోయి పెట్టె విప్పి చూశాడు. గిటార్ ఒళ్లంతా ఒకటే చెక్క, బొత్తిగా గుల్ల లేదు. గుల్ల లేని చెక్క ఎక్కడైనా పలుకుతుందా, దీన్ని చేసినవాడికి పని రాదు అని నవ్వుకున్నాడు. సత్రానికి పోయి అడగవచ్చు. కానీ నలభై ఏళ్ల పనివాడు ఊరుగాని ఊరి వర్తకుణ్ణి అడగడమా? ఉలి తీసుకుని, వెనకవైపు నుంచి ఆ చెక్కను గుమ్మడికాయలా చక్కగా తొలిచేశాడు. పనితనానికి వంక పెట్టడానికి లేదు.

లింగాచారి ఆ సాయంత్రానికే పని ముగించేశాడు. అన్నీ బిగించాక జానెడు వైరు ముక్క ఒకటి మిగిలింది. ఏ చివరా దేనికీ తగిలించి లేదు. పెట్టె సర్దినవాళ్లు ఒకటి ఎక్కువ వేసుంటారులే అనుకుని, పిడి ఊడిపోయిన తన విసనకర్రకు దాన్ని గట్టిగా చుట్టేశాడు. ఆ విసనకర్ర ఇప్పటికీ బాగానే ఉందట.

నూకాలు మాత్రం పాత చీర పరిచి, ముక్కలన్నీ దాని మీద పేర్చి చూస్తూ కూర్చుంది. చెక్కను వేలితో కొట్టి చూసింది. అది ఉలకలేదు, పలకలేదు. తెల్లవారగానే ముక్కలన్నీ ఆ చీరలోనే మూటగట్టి, చంకన పెట్టుకుని సత్రానికి బయల్దేరింది. నూకాలమ్మ బడికి పోతోందని వీధి వీధంతా నవ్వింది. నవ్వితే నవ్వారు, ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

"ఇందులో గుల్ల ఎందుకు లేదు బాబూ?" అని అడిగింది.

"ఇందులో పాడేది చెక్క కాదమ్మా, తంతి. తంతి వణికితే ఆ వణుకును ఇది వింటుంది" అని మీరాసాహెబు ఆమె మూటలోంచి ఒక చిన్న బిళ్ల తీసి చూపించాడు. అది అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంది. దాన్ని తమవాళ్లు పికప్ అంటారని చెప్పి, తన స్పీకరుకు తగిలించి ఇచ్చాడు. నూకాలు దాన్ని గోటితో తట్టింది. స్పీకరులోంచి ఠక్కుమని వినబడింది. ఆమె ఇంకా నాలుగుసార్లు తట్టి చూసి, ఆలోచించుకుంటూ ఇంటికి పోయింది.

రెండో రోజు మళ్లీ వచ్చింది. తంతిని వినవలసింది నా గోటి చప్పుడు కూడా ఎందుకు వింటోంది, ఎల్లుండి సభలో దగ్గినా తుమ్మినా ఇది వినదా అని అడిగింది. వర్తకుడు సంతోషపడ్డాడు. తాను అమ్మిన ఊళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదన్నాడు. ఆ సన్నతీగ చుట్లు వదులుగా ఉండి తమలో తామే అదురుతాయట. ఆ అదురు పోవాలంటే బిళ్లను కరిగిన మైనంలో నానబెట్టాలట. ఓడ వేడికి మైనం నిలవదు కాబట్టి పెట్టెలో పెట్టలేదట.

"మీ ఊళ్లో మైనం కాచేవాళ్లు ఎవరైనా ఉన్నారా అమ్మా?" అని అతను అమాయకంగా అడిగాడు.

నూకాలు పకపకా నవ్వింది. ఆ నవ్వు ఎందుకో అతనికి చాలాసేపటి దాకా తెలియలేదు.

మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మరుగుతున్న నీళ్లలో గిన్నె ఉంచి, అందులో మైనం కరిగించి, బిళ్లను దించింది. తీగ చుట్లలోంచి చిన్న చిన్న బుడగలు వచ్చాయి. బుడగలు ఆగిపోయేదాకా పక్కనే కూర్చుని, తీసి ఆరబెట్టింది. తరవాత మెడను ఒంటికి మరలతో బిగించింది. వైర్లకు టంకం పెట్టింది. మొదటి అతుకుకు వేలు కాలింది. రెండో అతుకు ముద్దలా వచ్చింది. మూడోది ముత్యంలా మెరిసింది.

అంతా అయ్యాక ఆమెకూ ఆ జానెడు వైరు ముక్క మిగిలింది. మూడో రోజు దాన్ని పట్టుకుని సత్రానికి వెళ్లింది.

"నిజం చెప్పాలంటే నాకూ తెలీదమ్మా. చాలామందికి మిగులుతుంది. పారెయ్" అన్నాడు వర్తకుడు.

పారెయ్యడానికి నూకాలుకు చేతులు రాలేదు. ఇంటికొచ్చి గిటార్‌ను బోర్లించి, వెల్లకిలా వేసి, దీపం దగ్గర పెట్టుకుని కళ్లు చికిలించి వెతికింది. మోత పెంచే మరలు ఉండే గుంటలోంచి, తంతులు ఆనే ఇనప వంతెన కిందికి, ఏటవాలుగా ఒక సన్నని రంధ్రం కనబడింది. ఆమె పుట్టి పెరిగింది తొలిచేవాళ్ల వీధిలో. చెక్కకు ఊరికే రంధ్రం పెట్టే పనివాడు లోకంలో ఉండడని ఆమెకు తెలుసు. వైరును దూర్చి చూస్తే సరిగ్గా అంతే పొడవుంది. ఒక కొసను మోత పెంచే మర వెనక టంకం పెట్టి, రెండో కొసను వంతెన కింద నొక్కి బిగించింది. అది ఎందుకో మాత్రం ఇంకా తెలియలేదు.

నాలుగో రోజు సభ నిండిపోయింది. రాజమాత స్పీకరు ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

కనకాచారి వాయించాడు. ఆమె చెవికి అందాలని మోత పెంచేసరికి, ఆ మోతకే గుల్ల చెక్క అదిరి, ఆ అదురుకు మోత ఇంకా పెరిగి, గిటార్ నక్కలా ఊళ పెట్టింది. సభలో అందరూ చెవులు మూసుకున్నారు. లింగాచారి వాయించాడు. తేనెటీగల పట్టు కదిలినట్టు ఒకటే రొద, ఆ రొదలో స్వరం కొట్టుకుపోయింది. ఏదో చప్పుడు అందుతోంది గాని అందులో పాట లేదని రాజమాత తల అడ్డంగా ఊపింది.

నూకాలు తన గిటార్‌ను స్పీకరుకు తగిలించింది. ఇక్కడా సన్నగా రొద మొదలైంది. రాజుగారి మొహం వాడిపోయింది. ఏమైతే అయిందని నూకాలు తంతుల మీద చెయ్యి వేసింది.

రొద టక్కున ఆగిపోయింది. చెయ్యి తీస్తే వస్తోంది, వేస్తే ఆగుతోంది. గాలిలోంచి పట్టుకొచ్చిన ఆ రొద, చెయ్యి తంతికి తగలగానే ఆ జానెడు వైరు దారినే నేలలోకి దిగిపోతోంది. అది ఎందుకుందో నూకాలుకు అప్పుడు తెలిసింది. సభ సంగతి మరిచిపోయి, పట్టరాని సంతోషంతో మూడుసార్లు చెయ్యి వేసి తీసి చూసుకుంది.

తరవాత మోత పెంచి, వీధిలో వీణలు మీటడం చూసిన గుర్తుతో, తనకు తెలిసిన ఒకే ఒక్క పాట మెల్లగా మీటింది. పల్లవి అయింది. మొదటి చరణం అయింది. ఆపైన ఆమెకు రాదు. అక్కడే ఆగిపోయింది.

రాజమాత కళ్లు మూసుకుని ఉంది. ఆమెకు వినబడిందో లేదో ఎవరికీ తెలియదు.

"మూడో తంతి వెంట్రుకవాసి దిగింది. సరిచేసుకో" అంది రాజమాత.

రాజుగారికి కళ్లనీళ్లు ఆగలేదు. నూకాలు తంతి సరిచేసింది. రాజమాత గొంతు సవరించుకుని, రెండేళ్ల కిందట రేపు నేర్పుతానన్న ఆ రెండో చరణం ఎత్తుకుంది.

పాట పూర్తయ్యాక కనకాచారి మెల్లగా నూకాలు దగ్గరకు వచ్చి, "చెయ్యి వెయ్యగానే ఆ రొద ఎలా ఆగిందమ్మా?" అని అడిగాడు. ఆయన నలభై ఏళ్లలో అడిగిన మొదటి ప్రశ్న అది. నూకాలు గిటార్ బోర్లించి, వంతెన కింది రంధ్రాన్నీ, అందులోని వైరునూ చూపించింది. లింగాచారి కూడా వచ్చి వంగి చూశాడు. ఆ రోజు నుంచి ఆ వీధిలో నూకాలు ఉలి అడిగితే ఇవ్వనివాళ్లు లేరు.

కాబట్టి పిల్లలూ, తెలియని వస్తువు చేతికొస్తే పనికిరాదని పారెయ్యకండి. సిగ్గుపడకుండా అడగండి, మీరు ఎవరిని అడిగారో వాళ్లకూ తెలియకపోతే తెలిసేదాకా మీరే చూడండి.