ఉగ్గుగిన్నెకు అడ్డుపడ్డ చెయ్యి

కేశవయ్యగారిని ప్రశ్న అడగాలంటే శిష్యులకు భయమే. ఆయన కోప్పడతారని కాదు, జవాబు చెప్పరని. అడిగినవాడి చేతే ఏదో ఒక పని చేయించి, ఇక ఇంటికి పొమ్మనేవారు. మాయ అంటే ఏమిటని అడిగిన ఒక పెద్దమనిషికి చిక్కుపడ్డ నూలు చిలప చేతికిచ్చి, పొద్దుగూకేదాకా అరుగు మీద కూర్చోబెట్టారు. ఆ పెద్దమనిషి మళ్ళీ మాయ జోలికి పోలేదు.

అలాంటి గురువును, ఒక ఆదివారం ఉదయం, భావన్నారాయణ అనే నేతగాడు అందరి ముందూ లేచి నిలబడి అడిగాడు.

"స్వామీ, గురువు మాట కాదనే హక్కు శిష్యుడికి ఉంటుందా?"

అడిగింది గురువునే గాని, చూపు మాత్రం అరుగు కింద బిడ్డనెత్తుకుని నిలబడ్డ పెళ్ళాం మీద ఉంది. ఆమె పేరు శేషారత్నం. రత్నం అంటారు. ఈ ప్రశ్న తన కోసమేనని ఆమెకు తెలిసిపోయింది. ఇంట్లో తన నోటితో చెప్పలేని మాటలన్నీ మొగుడు గురువుగారి నోట చెప్పిస్తాడని పెళ్ళయిన కొత్తల్లోనే కనిపెట్టింది.

సంగతేమిటంటే, ఆ నేతపేటలో ఆదివారం వస్తే పసిపిల్లలకు తలంటు, తలంటయ్యాక కేశవయ్యగారి అరుగు మీద ఆముదం. ఆయన ముక్కున్న చిన్న వెండి ఉగ్గుగిన్నెలో గోరువెచ్చటి ఆముదం పోసి, స్వయంగా బిడ్డ నోట్లో వంచేవారు. ఆ చేత్తో పడితే కడుపులో చెడంతా కడుక్కుపోయి బిడ్డ రాయిలా గట్టిపడతాడని పేట నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎవరూ గిల్లి చూడలేదు. గురువుగారు కూడా చూడలేదు.

పోయిన నెల ఒక ఆదివారం బడిలో పోలియో చుక్కలు వేశారు. రత్నం పొద్దున్నే కొడుక్కు వేయించుకొచ్చింది. వాడి చిటికెన వేలి మీద సిరా మచ్చ ఆరీ ఆరకముందే అత్తగారు కోటమ్మ మనవణ్ణి చంకనేసుకుపోయి ఆముదం పట్టించింది. మధ్యాహ్నానికల్లా పొత్తిగుడ్డలతో దండెం నిండిపోయింది. కడుపు శుభ్రమైందని కోటమ్మ మురిసిపోయింది. రత్నం మాత్రం బడికి పరుగెత్తింది.

అక్కడ డబ్బా సర్దుకుంటున్న నర్సమ్మ విని తల పట్టుకుంది. "ఈ చుక్కలు పనిచేసేది నాలిక మీద కాదమ్మా, పేగుల్లో. అక్కడ కుదురుకుంటేనే కడుపు ఆ రోగాన్ని గుర్తుపట్టి ఎదిరించడం నేర్చుకునేది. విరేచనాలైపోతే మందు పట్టిందో లేదో ఎవరు చెప్పగలరు? దీన్ని లెక్కలో వేసుకోకు. మళ్ళీ వేయించు, మళ్ళీ మళ్ళీ వేయించు," అంది.

ఆ రాత్రి రత్నానికి నిద్ర పట్టలేదు. పుట్టింట్లో ఆమెకో తమ్ముడున్నాడు, సాంబశివుడు. పాకే వయసులో జ్వరం వచ్చి ఒక కాలు చచ్చుబడిపోయింది. అడుగేసినప్పుడల్లా మోకాలి మీద అరచెయ్యి నొక్కిపెట్టి నడుస్తాడు. గుంటమగ్గం నెయ్యాలంటే గుంటలో రెండు కాళ్ళూ ఆడాలి. అందుకని సాంబశివుడు మగ్గం గుంటలో దిగకుండానే పెద్దవాడయ్యాడు, ఆడవాళ్ళ మధ్య కూర్చుని కండెలు చుడతాడు. ఊళ్ళోవాళ్ళు వాణ్ణి సాంబశివుడని పిలవగా రత్నం ఎన్నడూ వినలేదు. ఏమని పిలుస్తారో తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఈ ఆదివారం మళ్ళీ చుక్కలు వచ్చాయి. వేయించుకుని ఇంటికొచ్చేసరికి అత్తగారు ఆముదానికి సిద్ధంగా ఉంది. మిగతా వారాలు మీ ఇష్టం, ఈ వారం మాత్రం వద్దంది రత్నం. కోటమ్మ కొడుకును పిలిచింది. కొడుకు గురువుగారి దగ్గర తేల్చుకుందాం పదమన్నాడు. అదీ ఆ ప్రశ్న వెనకాల కథ.

కేశవయ్యగారు ప్రశ్న విననట్టే ఉగ్గుగిన్నె తుడిచి, "బిడ్డను ఇలా తీసుకురా తల్లీ," అన్నారు.

రత్నం అరుగెక్కి కాళ్ళు చాపి కూర్చుని బిడ్డను పడుకోబెట్టుకుంది. ఇప్పటికి దారికొచ్చిందన్నట్టు కోటమ్మ చుట్టుపక్కల తల్లులందరి వంకా చూసింది. గురువుగారు వంగి గిన్నె ముక్కును వాడి నోటి దగ్గరికి తెచ్చారు. బిడ్డకు అయిదు నెలలు. ఏది వస్తున్నా పాలేననుకునే వయసు. వాడు సంబరంగా నోరు తెరిచాడు.

రత్నం అరచెయ్యి ఆ నోటి మీద పడింది. ఆముదం ఆమె వేళ్ళ మీదుగా కారి చీర కుచ్చిళ్ళలోకి పోయింది.

"ఈ పూట వద్దు స్వామీ."

ముందు తేరుకున్నది కోటమ్మే.

"ఎంత పొగరే నీకు! అయ్యగారి చేతికే చెయ్యి అడ్డం పెడతావా? నా బిడ్డలు ఆ చేతి ఆముదం తాగే ఇంతింత వాళ్ళయ్యారు."

"నా తమ్ముడు కూడా ఆముదం తాగే పెరిగాడు అత్తయ్యా," అంది రత్నం.

భావన్నారాయణ ముఖం కందగడ్డయింది. "చెయ్యి తియ్యి ముందు. ఎవరి ఎదట కూర్చున్నావో తెలుస్తందా?"

"తెలుస్తంది. తెలిసే వచ్చా. ఇంట్లో తలుపేసుకుని కూర్చోలేకనా?" రత్నం భుజానికి కళ్ళు తుడుచుకుంది. ఆ ఏడుపు మీద ఆమెకే కోపం వచ్చింది. "నర్సమ్మనడిగా, పోయిన నెల చుక్కలు ఆముదంలో కొట్టుకుపోయినయ్. ఇయ్యాల్టివి వాడి కడుపులో కుదురుకోవాల. వాడు మగ్గం గుంటలో దిగాల, రెండు కాళ్ళతో దిగాల. స్వామీ, మీరు శపిస్తే నన్ను శపించండి. పేట వదిలి పొమ్మంటే బిడ్డనెత్తుకుని పోతా. ఈ చెయ్యి మాత్రం తియ్యను."

గురువుగారు ఏం చేస్తారోనని ఆమె ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చుంది. తల వంచుకోవాలని తోచలేదు, వంచుకోనూ లేదు. ఆయన మాత్రం ఆమెను చూడటం లేదు. బిడ్డ చిటికెన వేలి మీది సిరా మచ్చను చూస్తున్నారు.

"ఆ నర్సమ్మ ఏమన్నది తల్లీ?" అని అడిగారు చివరికి.

రత్నం చెప్పింది. ఆయన చివరిదాకా విన్నారు. తర్వాత అరుగు కిందికి తిరిగి, "ఈ పొద్దున చుక్కలు వేయించుకొచ్చి నా చేత ఆముదం పట్టించుకున్నవాళ్ళు ఉన్నారా?" అన్నారు. ఉన్నారు. ఇద్దరు తల్లులు బిడ్డల్ని పొదివి పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డారు.

"బడి దగ్గర నర్సమ్మ ఇంకా ఉండే ఉంటుంది. వెళ్ళండి. జరిగింది జరిగినట్టు చెప్పండి. నేనే పట్టానని చెప్పండి."

వాళ్ళు పరుగులాంటి నడకతో వెళ్ళిపోయారు. భావన్నారాయణ ఇంకా నిలబడే ఉన్నాడు. ఎటు చూడాలో తెలియక అరుగు స్తంభాన్ని చూస్తున్నాడు.

"భావన్నా, నువ్వేదో అడిగావు."

అతనికి ప్రాణం లేచొచ్చింది. "గురువు మాట కాదనే హక్కు శిష్యుడికి ఉందా అని, స్వామీ."

"ఇలా వచ్చి కూర్చో."

కూర్చున్నాడు. కేశవయ్యగారు ఉగ్గుగిన్నె పక్కన పెట్టి, సత్తు గ్లాసు తీసుకుని అంచుదాకా ఆముదం పోశారు.

"తాగు. గురువు మాట."

"నాకా స్వామీ?" భావన్నారాయణ గ్లాసు వంకా గురువు వంకా చూశాడు. "నా కడుపు బాగానే ఉంది స్వామీ. మధ్యాహ్నం షావుకారు దగ్గరికి చీరలు పట్టుకెళ్ళాలి... బస్సులో..."

ఎవరో కిసుక్కుమన్నారు. కోటమ్మ కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుంది. గురువుగారు నవ్వలేదు. గ్లాసెత్తి అతని పెదవుల దాకా తెచ్చారు. ఆ జిడ్డు వాసన ముక్కుకు తగిలిందో లేదో, భావన్నారాయణ ఆలోచించకుండానే అరచెయ్యి ఎత్తి నోరు మూసుకున్నాడు.

గ్లాసు అక్కడే ఆగింది. కేశవయ్యగారు ఆ చేతిని కాసేపు చూశారు. తర్వాత తల తిప్పి రత్నం చేతిని చూశారు. అది ఇంకా బిడ్డ నోటి మీదే ఉంది, వేళ్ళ మీద ఆముదం జిడ్డు ఇంకా మెరుస్తూనే ఉంది.

"నీ నోటికి నీ చెయ్యి ఉంది నాయనా," అన్నారు. "వాడికి ఇంకా తల్లి చెయ్యొక్కటే ఉంది."