తోడుకు లేని పెరుగు

గుమ్మడిదుర్గం దివాను నరహరి పంతులుకు ఒకటే పిచ్చి. ఏటా నిరుటికంటే ఎక్కువ రాబడి చూపించి రాజుగారి మెప్పు పొందాలి. ఆ ఏడు పన్నులన్నీ పిండాక, రైతులు బూడిద కలిపి దాచుకున్న జొన్న విత్తనాల మీద అతని కన్ను పడింది.

"కుండల్లో ఊరికే పడి ఉన్న గింజలు! అవీ కలిస్తే ఈ ఏటి రాబడికి మించింది ఉండదు. రేపు బండ్లకెత్తండి" అన్నాడు.

"అయ్యా, వచ్చే ఏడు ఏం చల్లాలి?" అన్నారు రైతులు.

"అది వచ్చే ఏటి సంగతి."

ఊళ్లో దివాను దిగిన విడిదిలో వంట చేసే సుంకులమ్మ ఇంటి కుండలూ వాటిలో ఉన్నాయి. ఆమె పళ్లు కొరుక్కుంది. ఇల్లిల్లూ తిరిగి ఊళ్లోని పెరుగంతా తెచ్చి, తోడుకు ఉంచే అడుగు చెంచాడుతో సహా దివానుకూ బంట్లకూ వడ్డించింది.

"ఇంతకు మించిన భోజనం ఎరగను!" అన్నాడు దివాను.

మర్నాడు బండ్లకు కుండలు ఎక్కుతుండగా, అతని అన్నంలో పాలు పోసింది.

"పెరుగేదే?"

"ఊళ్లో లేదు దొరా. నిన్న మొత్తం మీకే పెట్టాను."

"తోడుకు చెంచాడైనా ఉంచకుండా పెడతావా, బుద్ధిలేనిదానా! ఇవాళ ఎలా తోడుకుంటుంది?"

"అది ఇవాళ్టి సంగతి కదా!" అంది సుంకులమ్మ కోపంగా. "మీ పెరుగుకు పక్కూరు వెళ్లి తోడు తెస్తాను. మా పొలాలకు విత్తనం ఎక్కడ తేను? దింపించండి ఆ కుండలు!"

బంట్లు పగలబడి నవ్వారు. కుండలు దిగాయి. దివానుకు సిగ్గు కలిగి కాదు, ఈ మాట రాజుగారి చెవిన పడుతుందన్న భయంతో. రాజుగారికి వచ్చే ఏడు కూడా కూడు కావాలి కదా.