గుమ్మం దగ్గర దణ్ణాలు

పూర్వం ఒక ఊళ్లో పెద్దను ఎన్నుకోవాలంటే జనం పోటీదారుల కుండల్లో చింతగింజలు వేసేవారు. ఆ రోజు గింజ వెయ్యమని ఎవరూ అడగకూడదని రాజుగారి కట్టడి. అడిగినవాడి కుండ పగలగొట్టేస్తారు.

పోటీలో ఉన్న భూస్వామి మల్లభూపతి పొద్దున్నే కుండలు పెట్టిన సావడి గుమ్మం పక్కన నిలబడి, లోపలికెళ్లేవాళ్లందరికీ వంగి వంగి దణ్ణాలు పెట్టసాగాడు.

రాజోద్యోగి వారిస్తే, "నేను నోరు విప్పానా? మర్యాద చెయ్యడం కూడా తప్పేనా?" అని గద్దించాడు.

గింజ వేసి బయటికొస్తున్న గంపలల్లే సూరమ్మ ఆగింది. "తప్పేముంది దొరా! కానీ లోపలికెళ్తుంటే నడుం వంచారు, బయటికొస్తుంటే మొహం తిప్పేసుకున్నారు. ఉత్త మర్యాదే అయితే, ఇకమీదట బయటికొచ్చేవాళ్లకే పెట్టండి."

ఉద్యోగి సరేనన్నాడు. అంతలో దొరగారి పాలేరే గింజ వేసి వచ్చి, దణ్ణం కోసం ఎదురుగా నిలబడ్డాడు.

దొరకి ఉన్నట్టుండి ఇంట్లో పని గుర్తొచ్చింది.