అరుగుతుందన్న నక్క

ఊరి చెత్తంతా వచ్చిపడే డంపింగ్ యార్డులో చుక్కావు కాపురం. సాంబారు వాసనకు ఆశపడి దాని దూడ ప్లాస్టిక్ కవర్లను ముడులతో సహా మింగేసేది. ఇప్పుడు ఆ పిల్ల కడుపు డోలులా ఉబ్బింది. మేత ముట్టదు, నెమరు వేయదు. తల్లికి ప్రాణం ఉసూరుమంటోంది.

అదను చూసి నక్క ఒక డబ్బా నోట కరచుకుని వచ్చింది. అందులో తెల్ల పురుగులు, చిల్లులు పడిన కవరు.

"చూడక్కా! కాలేజీలో ప్లాస్టిక్ తినే పురుగుల మీద పరిశోధన చేస్తున్నారు. కిటికీ కింద కూర్చుని అంతా నేర్చేసుకున్నా. ఈ పురుగులు పట్టాయంటే కవరు అరిగి తీరుతుంది."

"నిజంగా అరుగుతుందా తమ్ముడూ?"

"నా తోక మీద ఒట్టు! తవుడులో కలిపి దూడకు పెట్టు. బదులుగా హోటలు చెత్త దగ్గరికి కుక్కలు రాకుండా కాస్త కొమ్ము విసురు, చాలు."

మునిగేవాడికి గడ్డిపోచే ఆసరా. కుక్కలతో పోరాడి చుక్కావు చెవి చిరిగింది. ఎముకలు ఏరుకుని నక్క బలిసింది.

ఒక పొద్దున గాడిద రొప్పుతూ వచ్చింది. "వదినా, సంతవీధికి పశువుల డాక్టరొచ్చాడు! పొట్ట కోసి కవర్లు తీసేస్తున్నాడు. దూడను లేపు!"

"కోస్తాడా? అమ్మో, వద్దు మరిదీ. పురుగులు పెడుతున్నాగా, అరిగిపోతుందిలే."

"ఆ పురుగుల సంగతి తేలడానికి ఇంకా ఏళ్లు పడుతుందని ఆ కాలేజీ వాళ్లే అంటున్నారే! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట!"

చుక్కావు కదల్లేదు. సాయంత్రానికి డాక్టరు వెళ్లిపోయాడు. మర్నాడు దూడ లేవలేదు. తల్లి దాని మొహం నాకుతూనే ఉంది, నాకుతూనే ఉంది.

చివరికి నక్క దగ్గరికి పరుగెత్తింది. "అరుగుతుందన్నావు కదరా పాపిష్టోడా!"

నక్క తాపీగా డబ్బా బోర్లించింది. కవరు లేదు, అది నలిగిన రంగు పొడి రాలింది. "అరిగిందిగా! చెప్పులు అరగవూ, అలా అరుగుతుందన్నాను. తిన్న అన్నం అరిగినట్టు అరుగుతుందని నువ్వనుకుంటే తప్పు నాదా?"

గాలికి ఆ పొడి లేచి చుట్టూ ఉన్న గడ్డి మీద పడింది. అక్కడ వేరే గడ్డి లేదు. ఆకలేసినప్పుడు చుక్కావు ఏడుస్తూ అదే మేసింది.

పరిశోధన సగంలో ఉండగానే మందు అమ్మేవాణ్ని నమ్మితే, పోయేది మన దూడే.