అద్దానికి తెర

కాసింకి ధ్యానం కుదరడం లేదు. కారణం కిటికీ.

సముద్రానికి దగ్గర్లో బుడన్ బాబా, ఆయన శిష్యులు ఉండే తకియా ఉంది. దాని పక్కనే ఊరివాళ్ళ కోసం తుపాను గది కట్టారు. సముద్రం వైపు గోడకి కిటికీగా పెద్ద అద్దం బిగించారు. రెండు పలకల మధ్య గట్టి పొర వేసి అతికించిన రకం. ఎగిరొచ్చిన దుంగ తగిలితే బీటలు వారుతుంది గాని ఊడి పడదు. బయటి చప్పుడు కూడా లోపలికి పెద్దగా రాదు. తుపాను రోజున ఆ అద్దం ముందు కూర్చుని, ఆలస్యంగా వచ్చేవాళ్ళని కనిపెట్టి తలుపు తియ్యడం కాసిం పని.

"మెరుపులు, ఊగే చెట్లు... కళ్ళు మూసుకున్నా అవే కనిపిస్తున్నాయి బాబా. తెర కట్టుకోనా?"

"కట్టుకో."

కాసిం మందపాటి ఆకుపచ్చ గుడ్డ కట్టాడు.

తుపాను వచ్చింది. జాలరి కుటుంబాలు గది నిండా చేరాయి. పిల్లల ఏడుపులు, ముసలివాళ్ళ దగ్గులు. "అందరూ వచ్చేసినట్టే" అని కాసిం తలుపు వేసి, తెర ముందు కూర్చుని జపమాల తీశాడు.

"ఏటయ్యా కాసిం, పెళ్ళికూతుర్ని దాచావేటి ఆ తెర ఎనకాల?" అంది చేపలమ్మే పోలమ్మ.

కాసిం కళ్ళు తెరవలేదు.

"కాసిం," అన్నాడు బాబా, "బయట మంచినీళ్ళ డ్రమ్ము మూత బిగించి రా."

కాసిం వెళ్ళాడు. బాబా ఇనప తలుపు గడియ పెట్టి, శిష్యుడి చోట కూర్చుని, జపమాల తిప్పసాగాడు.

కాసిం తిరిగొచ్చి తోస్తే తలుపు తెరుచుకోలేదు. బాదాడు. ఆ చప్పుడు గాలి హోరులో కలిసిపోయింది. గోడ పట్టుకుని పాకుతూ అద్దం వైపు వెళ్ళాడు. సముద్రానికి వీపు పెట్టి, రెండు పిడికిళ్ళతో అద్దాన్ని బాదాడు. ఎగిరొచ్చిన రేకు ఒకటి అతని భుజాన్ని గీరుకుంటూ పోయింది.

లోపల పోలమ్మ అటూ ఇటూ చూసింది. "కాసిం ఇంకా రానేదు, బాబా?"

"వస్తే కనపడతాడుగా" అన్నాడు బాబా, కళ్ళు మూసుకునే.

చివరి పూస దాకా తిప్పి, లేచి గడియ తీశాడు. తలుపుకి ఆనుకుని ఉన్న కాసిం లోపలికి పడ్డాడు. పిడికిళ్ళు నెత్తురోడుతున్నాయి.

"బాదాను బాబా! తలుపూ బాదాను, అద్దమూ బాదాను! వినపడలేదా?"

"లేదు" అన్నాడు బాబా. "ధ్యానం చక్కగా కుదిరింది."

కాసిం ఆయన వైపు చూశాడు. తర్వాత లేచి, తెర పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

అద్దం అవతల, దూరంగా, కరెంటు స్తంభాన్ని కావలించుకుని ఇద్దరున్నారు. ఒకరు చెయ్యి ఊపుతున్నారు. ఎప్పటి నుంచి ఊపుతున్నారో.

కాసిం గోడకి వేలాడుతున్న మోకుతాడు తీసి నడుముకి కట్టుకున్నాడు. రెండో కొస బాబా అప్పటికే పట్టుకుని ఉన్నాడు.